కొత్త సున్నం

ఉదయం 6.40. పదకొండు అనే తుపాను తీరం దాటి నాలుగు రోజులైంది. ఓనిపేటలో దాలినాయుడు ఏడో గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఒండ్రుదీపం వెలిగించాడు. ఆ వెలుతురులో గోడకు అడ్డంగా నీలిగీత తేలింది. వరద ఆగిన చోట ఒండ్రు మిగిల్చిన గీత అది. గడప నుంచి టేపు పట్టాడు. నూట డెబ్భై రెండు సెంటీమీటర్లు. గీత మీద ఇత్తడి మేకు దిగ్గొట్టి, మేకు తలమీది అంకెను పలకకు చూపించాడు. పలక ఒకసారి కూసింది. ఊళ్ల వరద లెక్కలన్నీ దాచుకునే యంత్రం, స్మృతి, ఆ గీతను తీసుకుంది.

ఆ ఏడాది అది పదకొండో తుపాను. తుపాన్లకు పేర్లు అయిపోయి ఆరేళ్లయింది, అంకెలతోనే పిలుస్తున్నారు. పదకొండు సోమవారం తెల్లవారుజామున 3.12కి, పాత రైలు పట్టాల దగ్గర, ఇప్పుడున్న తీరాన్ని దాటింది. గాలికి పోయినవాళ్లు ఆరుగురు. తర్వాత మబ్బు లోపలికి పోయి కొండలకు ఆనుకుంది. రెండు రోజులు అక్కడే కురిసింది. మంగళవారం సాయంత్రం 5.50కి చిట్టిగెడ్డ వాగు గట్టు పొర్లింది. నీటికి పోయినవాళ్లు, శుక్రవారం ఉదయానికి లెక్క తేలినంతవరకు, నలభై మూడు మంది. అందులో ఇరవై తొమ్మిది మంది ఒక్క పెసరవలసలోనే పోయారు.

స్మృతి లెక్కలో పెసరవలస పొడి ఊరు.

గీత తొంభై సెంటీమీటర్లు దాటిన ఊరు తడి ఊరు. తడి ఊరికి పిలుపుస్తంభం ఉంటుంది. నీళ్లు వస్తాయని స్మృతి అనుకున్నప్పుడు స్తంభం పిలుస్తుంది. జనం లేచి దగ్గర్లోని పొడి ఊరికి పోతారు. పొడి ఊరికి స్తంభం అక్కర్లేదు. అక్కడ తలదాపు పెడతారు. మంగళవారం మధ్యాహ్నం ఓనిపేట స్తంభం పిలిచింది. నూట పదిహేను మంది మూడు కిలోమీటర్లు వానలో నడిచి పెసరవలస బడిలోని తలదాపుకు చేరారు. వాళ్లలో పద్దెనిమిది మంది అక్కడే పోయారు.

దాలినాయుడు దీపం ఆర్పి లేచాడు. అతనికి యాభై నాలుగేళ్లు. గీతలు కొలిచే మాపరిగా ఇరవై రెండో ఏడు. సుత్తీ, టేపూ, మేకుల డబ్బా సంచిలో సర్దుకుంటుంటే చెవిపూసలో కనకమాలక్ష్మి గొంతు వినిపించింది. ఆమె రాజాం కచేరీలో గీతల బల్ల దగ్గర కూర్చుంటుంది. మాపరులు ఎవరెక్కడికి వెళ్లాలో చెప్పేది ఆమే.

"నాయుడు గారూ, ఓనిపేట సరిపోతుంది. ఏడు గీతలు చాలు. తర్వాతిది పెసరవలస."

"ఊ."

"పాత నమోదు తెరిచాను. మాపరి సంఖ్య ముప్పై ఒకటి అని ఉంది. అది మీరే కదా?"

"నేనే."

"ఒకసారి కొలిచిన ఊరికి మళ్లీ అదే మనిషిని పంపకూడదు. కానీ ఈ పరీవాహకంలో పన్నెండు మందికి ఐదుగురే మిగిలారు. వెళ్లగలరా?"

"నడిచే పోవాలి. దారి లేదు."

"నేను అడిగింది దారి గురించి కాదు."

"బయలుదేరాను," అన్నాడు దాలినాయుడు.

*

గట్టు వెంట నడిచాడు. రోడ్డు ఉన్న చోట గెడ్డ కొత్త పాయ తీసి పారుతోంది. పొలాల్లో వరి ఒండ్రు కింద పడుకుని ఉంది. పైన రెక్కల యంత్రాలు వరసగా పోయి, అన్నం మూటలు జారవిడిచి, ఖాళీగా వెనక్కి వస్తున్నాయి. ఒక మూట తుమ్మకొమ్మకు వేలాడుతోంది.

ఎనిమిదేళ్ల కిందట ఇదే గట్టు మీద నడిచాడు. అప్పటికి తుపాన్లకు పేర్లుండేవి. దాని పేరు కలువ. కలువ వెళ్లిన ఐదో రోజు పెసరవలస చేరాడు. ఊళ్లో ఒక్క గోడ మీదా గీత లేదు. గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. సున్నం ఇంకా వాసన వస్తోంది.

ఒక ఇంటి అరుగు మీద ఎర్రమ్మ అనే ముసలామె కూర్చుని ఉంది. అతను నీళ్లు వచ్చాయా అని అడిగాడు. ఆమె లేచి వీపు గోడకు ఆనించి నిలబడింది. గడ్డం పైకెత్తి, దాని కింద అరచెయ్యి పెట్టింది.

"ఇక్కడికి బాబూ. నెత్తిమీద బియ్యం కుండెట్టుకుని తెల్లార్లూ నిలబడ్డాను. గెడ్డం ఆనిందే గానీ నోట్లోకి రానేదు, ఆ తల్లి దయ."

"గీత ఎక్కడుందమ్మా?"

"గీతేటి? కడిగీసినాం. ఎవులైనా ఉంచుకుంటారేటి?"

ఆ పక్క ఊళ్లలో అదొక ఆచారం. నీళ్లు తీసిన మూడో పొద్దు గడిచేలోపు గోడలు పేడనీళ్లతో కడిగి సున్నం వెయ్యాలి. గీత ఉంచితే నీళ్లు దారి గుర్తు పెట్టుకుంటాయి, మళ్లీ వస్తాయి. దాలినాయుడు పుట్టింది బొబ్బిలి పక్కన, మెట్ట ఊళ్లో. ఆ మాట అదే మొదటిసారి విన్నాడు. ఎర్రమ్మ రాగిపిండితో కాచిన చోడి అంబలి ఇచ్చింది. రెండు గ్లాసులు తాగాడు. తర్వాత పలకలో రాశాడు. "గీత: లేదు. గోడ స్థితి: కొత్త సున్నం." సమయం 11.20.

ఆ పత్రంలో చివర మరో గడి ఉంది. పేరు "మనిషి మాట". గీత దొరకని చోట, చూసినవాళ్ల మాట అందులో రాయవచ్చు. రాస్తే ఆ ఊరి దస్త్రం ఆగుతుంది. రెండో మాపరి వచ్చి విచారించేదాకా స్మృతి ఆ ఊరిని తడి ఊరిగానే పట్టుకుంటుంది. మాపరి ఖాతాలో ఆ రోజు "అసంపూర్తి" అని పడుతుంది. అతను ఆ గడి ఖాళీగా వదిలేసి ఓనిపేట వైపు నడిచాడు.

*

8.15కి పెసరవలస మొదట్లో సున్నం వాసన తగిలింది. దాలినాయుడు నడక పెంచాడు.

బడి ముందు నాలుగు కుండల్లో సున్నం ఉడుకుతోంది. నీళ్లు పోసిన రాయి బుసబుసమంటోంది. పది మంది ఆడవాళ్లు ఉన్నారు. కొందరు పీచు కుంచెలు నానబెడుతున్నారు, కొందరు పేడనీళ్లు చల్లి గోడ రుద్దుతున్నారు. బడి గోడలు మూడు వైపులా కడగడం అయిపోయింది. ఒక వైపు సున్నం కూడా పడింది. మగవాళ్లు కనిపించలేదు, మెట్ట మీద గోతుల దగ్గర ఉన్నారు.

"ఆపండమ్మా. కాసేపు ఆపండి," అన్నాడు.

కుంచె పట్టుకున్న ఒకామె తిరిగి చూసింది. చిన్నగా, చురుగ్గా ఉంది. పేరు పైడమ్మ అని తర్వాత తెలిసింది.

"ఓలమ్మో, కచేరీ బాబొచ్చీసినాడు. నిన్నొచ్చి శవాల్ని లెక్కెట్టినారు. ఇయాల గోడల్ని లెక్కెడతారేటి?"

"గీత కొలవాలమ్మా. గీతలు చెరిపేస్తే కొలవడానికి ఏమీ మిగలదు."

"సెరిపీడానికే కదా ఈ అవస్త. ఇయాల మూడో పొద్దు. నీకోసం నీలు ఆగుతాయేటి?"

వెనక నుంచి పొడుగాటి ఆడమనిషి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. మోచేతుల దాకా సున్నం. ఆమె దాలినాయుడి ముఖం వంక కాకుండా అతని సంచి వంక చూసింది, సంచి మీది అంకె వంక చూసింది.

"నువ్వు మా అత్త అంబలి తాగినోడివి కాదూ?"

దాలినాయుడికి అరుగు మీది ముసలామె గుర్తొచ్చింది.

"ఎర్రమ్మ గారి..."

"కోడల్ని. తవిటమ్మని. ఆ దినం నాను పొయ్యికాడున్నాను. రెండు గలాసులు తాగినావు. ఉప్పు సాలిందో లేదో మా అత్త అడిగినాది. సాలిందన్నావు."

"ఆవిడ...?"

"మూడేల్లయినాది పోయి. మంచాన పడి పోనాది. నీటికి కాదు." తవిటమ్మ కుంచె కుండలో ముంచింది. "నీటికి పోనాది మా సెల్లి. ఓనిపేట ఇచ్చినాం దాన్ని. పిలుపు ఇని మా ఊరొచ్చినాది. ఇంటికి రాయే అంటే, బళ్లో పేరు రాయించుకున్నాను, రేతిరికి అక్కడే ఉండాలంట, పొద్దున్నొచ్చి నీ సేతి కూర తింటానన్నాది. మీ ఊరు పొడూరే అప్పా, నీది పెట్టి పుట్టిన జాతకం అని నవ్వినాది."

కుంచె బయటికి తీసి గోడకు ఒక పట్టు వేసింది. సున్నం కిందికి జారింది.

"సన్నమ్మ దాని పేరు. నీ పలకలో ఉంటాది సూసుకో."

దాలినాయుడు సంచి కింద పెట్టాడు. చెప్పకుండా కొలుచుకుని వెళ్లే వీలు అతనికి ఉంది. ఇళ్ల గోడలు ఇంకా కడగలేదు. ఆరు గీతలు తీసుకుంటే చాలు, పెసరవలస ఈ రోజు నుంచి తడి ఊరవుతుంది. నెల తిరక్కుండా స్తంభం వస్తుంది. పాత నమోదును ఎవరూ తిరగెయ్యరు. ఓనిపేట నుంచి నడుస్తున్నంతసేపూ అతను ఆలోచించింది అదే.

"ఇక్కడ స్తంభం ఎందుకు లేదో తెలుసా అప్పా?" అన్నాడు.

"పొడూరని."

"పొడి ఊరని రాసింది నేను. అప్పుడు గోడలు తెల్లగా ఉన్నాయి. గీత లేదని రాశాను."

కుంచెలు ఆగాయి. పైడమ్మ తన చేతిలోని కుంచె వంక చూసుకుంది.

"అంటే... మా సున్నమే మమ్మల్ని సంపినాదా బాబూ?"

"కాదు. నేను రాసింది."

"మా అత్త సెప్పినాది కదా నీకు," అంది తవిటమ్మ.

"చెప్పింది."

"గోడకాడ నిలబడి సూపించినాది."

"చూపించింది."

"మరి?"

"మనిషి మాట రాసుకోవడానికి ఒక గడి ఉంది. నింపలేదు."

"ఏల?"

"నింపితే ఆ రోజు పని అసంపూర్తి అని పడుతుంది. అంతకుముందు నలభై ఒక్క రోజులు నాకు ఒక్క అసంపూర్తి లేదు."

తవిటమ్మ అతని ముఖంలోకి అప్పుడు చూసింది.

"నలబైయొక్క దినాలు. అయ్యప్ప దీచ్చ కూడా అంతే బాబూ. నీది బాగా పలించినాది."

ఎవరూ నవ్వలేదు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బడి వెనక్కి వెళ్లిపోయింది. దాలినాయుడు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. క్షమించమని అడగాలనుకున్నాడు, ఎవర్ని అడగాలో తేలలేదు. అడగలేదు.

"కొలుసుకో," అంది తవిటమ్మ చివరికి. "మద్దేనం దాకా ఇల్లు ముట్టుకోం. ఆ తరవాత మా పని మాదే. నువ్వు సెప్పినా ఆగం, నీ కచేరీ సెప్పినా ఆగం."

*

11.10కి ఆరు గోడలు అయ్యాయి. గీతలు రెండు వందల తొమ్మిది నుంచి రెండు వందల పద్నాలుగు దాకా ఉన్నాయి. ఓనిపేట జనం వదిలి వచ్చిన ఇళ్లలో నూట డెబ్భై రెండు. ఆ రెండు అంకెలూ పలకలో ఒకదాని కింద ఒకటి కనిపించాయి. దాలినాయుడు పలకను పక్కకు తిప్పి ఆరో మేకు కొట్టాడు.

పలక మామూలుగా కూయలేదు. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"పెసరవలస. ప్రస్తుత గీత: 214. మునుపటి నమోదు: గీత లేదు. విభేదం ఉంది. కారణం ఎంచుకోండి. ఒకటి: అసాధారణ ప్రవాహం. రెండు: నేల మార్పు. మూడు: మునుపటి నమోదు తప్పు."

ఇరవై రెండేళ్లలో అతను మూడోది నొక్కిన మాపరిని చూడలేదు. ఒకటి నొక్కుతారు. నొక్కాక కూత వస్తుంది. తర్వాతి ఊరికి పోతారు.

"ఒకటి నొక్కండి నాయుడు గారూ," అంది కనకమాలక్ష్మి చెవిలో. "తెర నాకూ కనిపిస్తోంది. మూడు గంటలకు గొల్లవలసలో ఉండాలి మీరు. పన్నెండు లేచింది. విన్నారా?"

"ఎక్కడ?"

"బంగాళాఖాతం మధ్యలో. యాభై ఎనిమిది గంటల్లో ఇటే రావచ్చు. ఈ గీతలు రాత్రికల్లా స్మృతికి కావాలి."

"పది నిమిషాలు ఇవ్వండి."

"దేనికి?"

"ఒక మనిషిని కొలవాలి."

ఎర్రమ్మ ఇల్లు రెండో వరసలో ఉంది. తవిటమ్మ, పైడమ్మ గుమ్మం దగ్గర పేడనీళ్ల బకెట్ పెట్టుకుని ఎండ నడినెత్తికి రావడం కోసం చూస్తున్నారు. దాలినాయుడు తనకు కావలసింది చెప్పాడు. ఎర్రమ్మ ఎంత పొడుగు?

"పొడుగేటి? పొట్టి," అంది తవిటమ్మ. "ఇద్దరం పక్కపక్కన నిలబడితే మా అత్త నెత్తి నా గెడ్డం కాడికొచ్చీది."

"ఓసోసి, నీ గెడ్డమేటి! నీ సెవి కాడికొచ్చీది," అంది పైడమ్మ. "మీ అత్త నాకంటే నాలుగంగులాలు పొడుగు. అత్తని పొట్టి సెయ్యకే సచ్చిపోనాక."

"కాపరం సేసింది నానా నువ్వా?"

"పేలు సూసింది నాను! ఇరవయ్యేల్లు సూసినాను, ఆ నెత్తి నాకు తెల్దేటి?"

"కూకుని సూసినావు. నిలబెట్టి సూసినావేటే?"

"సివర్లో వొంగిపోనాది. నువ్వు ఆ వొంగిన ముసిల్దాన్ని తలుసుకుంటున్నావు. బాబొచ్చినప్పుటికి నిటారుగుండీది. ఏం బాబూ?"

దాలినాయుడు గుర్తు చేసుకున్నాడు. ముసలామె లేవడం, వీపు ఆనించడం, అరచెయ్యి. ఎత్తు గుర్తులేదు. ఆ రోజు అతను ఆమెను చూడలేదు; గోడను చూశాడు.

"నాకు తెలీదు," అన్నాడు.

తవిటమ్మ ఇంకేమీ అనకుండా వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడింది. అతను గడప మట్టం నుంచి టేపు పట్టాడు. ఆమె గడ్డం నూట ముప్పై ఎనిమిది. చెవి నూట నలభై ఏడు. నెత్తి నుంచి గడ్డానికి ఎంత తియ్యాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ రాలేదు. జానెడు అన్నారు. పైడమ్మ జాన కొలిచాడు. ఇరవై.

"మనిషి మాట" గడి తెరిచి రాశాడు. "ఎనిమిదేళ్ల కిందట, కలువ తుపానులో, ఈ ఇంట్లో ఎర్రమ్మ గడ్డం వరకు నీళ్లు వచ్చాయి. ఆమె స్వయంగా నిలబడి చూపింది. ఆమె ఎత్తుపై సాక్షులు ఇద్దరు. కోడలి లెక్కన గీత 118. పొరుగామె లెక్కన 127. రెండూ తొంభై దాటాయి." కిందికి వచ్చి, కారణాల్లో మూడోది నొక్కాడు.

పలక సాక్షుల వేలిముద్రలు అడిగింది. తవిటమ్మ బొటనవేలు కడుక్కుని తెర మీద పెట్టింది. పలక తీసుకోలేదు. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. తీసుకోలేదు. పైడమ్మదీ తీసుకోలేదు. దాలినాయుడు ఇద్దరి వేళ్లూ పట్టుకుని చూశాడు. ముద్ర లేదు. ఏళ్ల తరబడి సున్నం తినేసింది.

సాక్షుల ముద్ర లేకపోతే మాపరి తన ముద్ర వెయ్యవచ్చు. అప్పుడు ఆ మాటకు పూచీ మాపరిది. అతను వేశాడు.

"తప్పు నమోదు చేసిన మాపరి సంఖ్య?" అని పలక అడిగింది.

31 అని కొట్టాడు.

"తప్పుకు మూలం?"

రాశాడు. "ఈ ఊళ్లలో నీళ్లు తీసిన మూడు రోజుల్లో గోడలకు సున్నం వేస్తారు. కొత్త సున్నం ఉన్న గోడ మీద గీత లేకపోవడం, నీళ్లు రాలేదనడానికి రుజువు కాదు."

స్మృతి తీసుకుంది. కూత మాత్రం రాలేదు. నిమిషం తర్వాత తెర మారింది.

"ఇదే గోడ స్థితితో 'గీత లేదు' నమోదైన ఊళ్లు: 212. ఈ కారణాన్ని వాటికీ వర్తింపజేయాలా?"

*

"నొక్కకండి," అంది కనకమాలక్ష్మి. ఆమె గొంతు పెరగలేదు. "నాయుడు గారూ, వినండి. నొక్కకండి."

"వింటున్నాను."

"పెసరవలస వరకు మీరు చేసింది మీ ఇష్టం. విచారణ పెడతారు. మీ ఉద్యోగం మీ చేతిలో ఉంది, నేనేమీ అనను. కానీ ఈ 212 ఆగితే ఏమవుతుందో తెలుసా? ఒక్కసారిగా 212 పొడి ఊళ్లు పోతాయి. వాటిలో నలభై రెండు తలదాపులున్నాయి. ఈ క్షణంలో అరవై ఒక్క వేల మంది వాటిలో తలదాచుకుని ఉన్నారు. వాళ్లందర్నీ లేపాలి. ఎక్కడికి పంపాలి? పన్నెండు వచ్చేలోపు నాకు చోటు చూపించండి."

"మెట్టలున్నాయి."

"మెట్ట మీద కప్పు లేదు. గాలి వస్తే? గాలికి పోరా జనం?"

"పోతారు," అన్నాడు. "పదకొండు గాలికి ఆరుగురు పోయారు. నీటికి నలభై మూడు."

"అది పదకొండు. పన్నెండు ఎలా ఉంటుందో మీకు తెలుసా?"

"తెలీదు."

"ఆ 212లో నిజంగా పొడిగా ఉన్న ఊళ్లు ఎన్నో తెలుసా?"

"తెలీదు. మీకు తెలుసా?"

ఆమె వెనక ఇంకెవరో ఇంకో మాపరితో మాట్లాడుతున్నారు.

"ఈ ఒక్క ఊరికీ పెట్టండి," అంది చివరికి. "మిగతావి పన్నెండు వెళ్లాక ఒక్కొక్కటీ చూద్దాం. నేనే మనుషుల్ని వేస్తాను. నా మాట నమ్మండి."

ఆమె మాట తప్పే మనిషి కాదని దాలినాయుడికి తెలుసు. ఆమె చెప్పినదాంట్లో తప్పు లెక్క కూడా ఒక్కటీ లేదు.

"ఆ 212లో నేను రాసినవి ఎన్ని?"

మీటల చప్పుడు వినిపించింది.

"పంతొమ్మిది."

"మిగతావి?"

"వేరేవాళ్లవి. అందరూ అలాగే రాశారు నాయుడు గారూ. పత్రం అలా ఉంది. మీ ఒక్కరిదే కాదు."

పంతొమ్మిదిలో కొన్ని అతనికి గుర్తొచ్చాయి. ఒక ఊళ్లో ముసలాయన బండి చక్రంలో ఒక ఆకును చూపించి నీళ్లు అంతవరకు అన్నాడు. ఇంకో ఊళ్లో ఒకామె మొలలోతు అంది. ఇంకోచోట పీకలోతు అన్నారు. అక్కడ నిలబడి ఎవరి పీక అని అతను అడిగాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఊళ్ల పేర్లు గుర్తులేవు. వాటి గోడలు తెల్లగా ఉండటం గుర్తుంది.

తవిటమ్మ బకెట్ పక్కన నిలబడి ఉంది. చెవిపూసలో మాటలు ఆమెకు వినిపించవు. అతని మాటలు వినిపించాయి.

"ఏటంటన్నాది?"

"మీ ఊరికి మాత్రం పెట్టమంటోంది. మిగతా ఊళ్ల సంగతి తర్వాత చూద్దామంటోంది."

"మిగతా ఊల్లేటి?"

"మీలాగే సున్నం వేసుకున్నవి."

తవిటమ్మ చీపురు చేతిలోకి తీసుకుంది.

"ఆల్ల కాడ కూడా అంబలి తాగినావా?"

"కొన్ని చోట్ల."

ఆమె ఎండ వంక చూసింది. నీడ గుమ్మం కిందికి వచ్చేసింది. బకెట్ ఎత్తి, పేడనీళ్లు గోడ మీద చల్లి, చీపురుతో రుద్దడం మొదలుపెట్టింది. గీత మొదట పలుచబడింది, తర్వాత ముక్కలైంది.

దాలినాయుడు "అవును" నొక్కాడు.

"నేను వద్దన్నానని నమోదు చేస్తున్నాను," అంది కనకమాలక్ష్మి.

"చెయ్యండి. టైం కూడా వెయ్యండి."

"12.04."

"12.04," అన్నాడు అతను.

*

12.05కి 212 ఊళ్ల దస్త్రాలు ఆగాయి. 12.06కి స్మృతి వాటిని తడి ఊళ్లుగా పట్టుకుంది. 12.31కి నలభై రెండు తలదాపుల తలుపుల మీద, ఖాళీ చెయ్యమని ఎర్రదీపం వెలిగింది. గొల్లవలస తలదాపు అందులో ఒకటి. 12.50కి మాపరి 31ని విధుల నుంచి నిలిపినట్టు పలకలో వచ్చింది. చెవిపూస మూగబోయింది.

దాలినాయుడు పలకను సంచిలో పెట్టి, మిగిలిన మేకుల డబ్బా దాని మీద పెట్టాడు. కొట్టడానికి ఇంకో రెండు మేకులు ఉన్నాయని గుర్తొచ్చింది. బయటికి తీసి, గడప నుంచి నూట పద్దెనిమిది దగ్గర ఒకటి, నూట ఇరవై ఏడు దగ్గర ఇంకొకటి దిగ్గొట్టాడు. కడిగిన గోడ తడిగా ఉంది. మేకులు తేలిగ్గా దిగాయి.

"ఆటి మీద కూడా ఏసీగలను," అంది తవిటమ్మ కుంచె ముంచుతూ.

"వెయ్యప్పా. అంకె స్మృతిలోకి వెళ్లిపోయింది."

"రెండెందుకూ?"

"మీ ఇద్దరిదీ."

పైడమ్మ దగ్గరికి వచ్చి పై మేకును వేలితో తట్టి చూసింది. "ఇదే నిజం," అంది.

1.15కి పిలుపు వచ్చింది. ఆగిన ఊళ్లకు స్తంభాలు లేవు కనుక, ఆయా ఊళ్లలో ఏ పరికరం ఉంటే దానికి పంపింది స్మృతి. పెసరవలసలో ఉన్న పరికరం ఒక్కటే. దాలినాయుడి సంచిలోంచి పిలుపు మోగింది. ఆడవాళ్లు సంచి వంక చూశారు. అతను పలక బయటికి తీసి, బడి అరుగు మీద, అందరికీ వినిపించే చోట పెట్టాడు. ఊళ్లో పిలుపు వినడం వాళ్లకు అదే మొదటిసారి. ఏం చెయ్యాలో ఓనిపేట నుంచి వచ్చి మిగిలినవాళ్లు చెప్పారు.

సాయంత్రం నాలుగింటికి 212 ఊళ్లలో 130 ఊళ్లకు పిలుపు చేరినట్టు నిర్ధారణ అయింది. 82 ఊళ్ల నుంచి సమాచారం లేదు.

4.20కి పెసరవలస నుంచి నూట ఎనభై ఆరుగురు మెట్ట దారి పట్టారు. ఎర్రమ్మ ఇంటి ముందుగోడకు అప్పటికి రెండో పూత అయింది.